జడ్జీల పండగకు ఆగిన మగ్గాలు

ఆ మెయిలు నేను తిరువళ్ళూరు కోర్టు ఎదుట టీ కొట్టు దగ్గర నిలబడి చదివాను. చదవగానే నవ్వొచ్చింది. విదేశాల్లో జడ్జీల సంఘం ఒకటి ఉందట. మగవాళ్ళతో కాపురం చేసే మగ జడ్జీలు, ఆడవాళ్ళతో కాపురం చేసే ఆడ జడ్జీలు, మగపిల్లవాడిగా పుట్టి ఆడమనిషిగా బతుకుతున్న జడ్జీలు, అందరూ అందులో ఉన్నారట. చాటుమాటుగా కాదు, పేర్లూ ఫోటోలతో సహా. ఏటా ఇలాంటివాళ్ళంతా దాపరికం లేకుండా జరుపుకునే ప్రైడ్ నెల వచ్చినప్పుడు కంప్యూటర్ తెర మీదే కలుసుకుని పండగ చేసుకుంటారట. ఈసారి వేరే దేశాల లాయర్లను కొందరిని పిలిచి, తలా కాసేపు మాట్లాడమన్నారు. ఒక ఆన్‌లైన్ శిక్షణలో మాకు పాఠం చెప్పిన రిటైర్డ్ జడ్జి ఒకామె నా పేరు వాళ్ళకు చెప్పింది. మాటల్లో ఒకసారి ఆమెకు నా సంగతి చెప్పి ఉన్నాను.

నవ్వు అయ్యాక కళ్ళు మండాయి. ఇన్నేళ్ళుగా ఆ ఎత్తు కుర్చీ వైపు తలెత్తి మాట్లాడుతున్నాను. అందులో కూర్చున్నవాళ్ళకు నా సంగతి తెలిస్తే ఏమనుకుంటారో అని భయపడ్డానే గాని, వాళ్ళలో ఒకరు నాలాంటివాళ్ళే అయి ఉండొచ్చని ఏనాడూ తోచలేదు. పోలీసుల్లోనూ దొంగలుంటారని దొంగకైనా తెలుస్తుంది. నాకు ఆ మాత్రం ఊహ కూడా లేకపోయింది. టీ చల్లారిపోయింది, మళ్ళీ ఇంకొకటి పోయించుకున్నాను.

నా సంగతి అంటే పెద్దగా ఏమీ లేదు. తిరువళ్ళూరులో స్టేషన్ దగ్గర ఒక మేడ మీది పోర్షన్లో ఒకామెతో కలిసి ఉంటాను. ఆమెది శోళవరం, చెరువు నీళ్ళతో సేద్యం చేసే తెలుగు రైతుల ఇల్లు. ఆవడిలో ఒక ల్యాబులో పని చేస్తుంది. అరక్కోణం లోకల్ రైల్లో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకుని స్నేహితులమయ్యాం. ఆ సీటు ఆమెదే అని ఇప్పటికీ ఒప్పుకోను. ఇంటి ఓనరమ్మకు మేము రూమ్‌మేట్లం. మా అమ్మకు ఆమె 'కూడా ఉండే పిల్ల'. మా ఇద్దరాడవాళ్ళ కాపురం నేరం కాదని సుప్రీంకోర్టు చెప్పేసింది, పెళ్ళి సంగతి చట్టసభలు చూసుకోవాలంది. కాబట్టి మేము నేరస్తులమూ కాము, దంపతులమూ కాము, వాయిదా పడిన కేసు మాదిరి ఉన్నాం.

మెయిలు చివర్లో వాళ్ళొక మాట రాశారు. ఇబ్బంది అనిపిస్తే ముఖం చూపించనక్కర్లేదు, పేరు మార్చుకుని మాట్లాడవచ్చు, మీ క్షేమమే మాకు ముఖ్యం అని. మంచి మనసుతోనే రాశారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఇంటికి వెళ్ళాను. ఆమె బెండకాయలు తరుగుతూ ఉంది.

"పేరు మార్చుకోమంటా ఉండారు" అన్నాను చెప్పులు విడవకుండానే.

"మంచిదే కదా. ఏదైనా పూల పేరు పెట్టుకో."

"నేనేమన్నా ఆకాశరామన్ననా, పేరు లేకుండా మాట్లాడేదానికి?"

"సరే, నీ పేరే చెప్పుకో. దానికింత కోపం దేనికి?"

"నా పేరు ఒకటే చెప్తే ఎట్లా? కోర్టులో ఎట్లా చెప్తారు?"

అప్పుడు ఆమె కత్తి ఆపింది. కోర్టులో ఎవరు బోనెక్కినా ముందు చెప్పవలసింది పేరు, తండ్రి పేరు, ఉండే వీధి. ఆ తర్వాతే అసలు కథ. సాక్షులు భయపడి గొంతు తగ్గిస్తే, గట్టిగా చెప్పమని గదమాయించేది నేనే. ఊరందరి చేత చెప్పించి, నా వంతు వచ్చేసరికి పూల పేరు పెట్టుకుంటే నా మొహం నేనెట్లా చూసుకోవడం?

"అది పండగ. కేసు కాదు" అంది ఆమె.

"జడ్జీలుండే తావు నాకు కోర్టే."

"అయితే మీ నాయన పేరు చెప్పేముందు మీ నాయనకి చెప్తావా, చెప్పవా?"

ఆమె అంతే. నన్ను పొంగినంత సేపూ పొంగనిచ్చి, చివర్లో ఒక్క ప్రశ్నతో మూత పెడుతుంది. ఆ రాత్రి బెండకాయ వేపుడు రుచి నాకు తెలియలేదు. నాయన పేరు లేకుండా నేను మాట్లాడను. నాయన పేరు చెప్పాలంటే ఆయనకు అంతా తెలియాలి. తెలిశాక తిరుత్తణిలోని ఆ ఇంటి గడప నాకు మిగులుతుందో లేదో తెలియదు. అయినా వెళ్ళాలనే తేల్చుకున్నాను. నాలుగు గోడల మధ్య నిజం, గుమ్మం దాటితే అబద్ధం, ఈ బతుకు చాలనిపించింది.

వెళ్ళడం సులభమే, చెప్పడం కష్టం. మాది నేతవాళ్ళ వీధి. ఇంటి ముందరి హాల్లో రెండు మరమగ్గాలు. నాయన లుంగీలు నేస్తాడు, అమ్మ కండెలు చుడుతుంది. అవి ఆడుతున్నంతసేపు ఇంట్లో గుసగుస అనేదే కుదరదు. ఉప్పు తక్కువైందన్నా, కడుపు నొప్పిగా ఉందన్నా అరిచి చెప్పుకోవాలి, లేదంటే చేత్తో సైగ చేయాలి. కోర్టులో నా గొంతుకు మైకు అక్కర్లేదని అందరూ అంటారు. ఆ గొంతు ఆ మగ్గాల పక్కన పెరిగిందే. అయితే కాపురం సంగతి తండ్రికి అరిచి చెప్పేంత తెగువ నాకు కూడా లేదు. సైగ చేద్దామంటే దానికి సైగ లేదు.

దేవుడు కరెంటు ఆఫీసు రూపంలో దయతలిచాడు. లైన్ల మరమ్మతు కోసం శనివారం పగలంతా కరెంటు తీస్తారని ఫోన్లకు మెసేజ్ వచ్చింది. అమ్మ ఫోన్ చేసి వాళ్ళను నోరారా తిట్టింది. నాకు మాత్రం ముహూర్తం దొరికినట్టయింది. జడ్జీల పండగ వాళ్ళకు శనివారం సాయంత్రం, మనకు ఆదివారం పొద్దున్నే. శనివారం నాయనకు చెప్పి, సాయంత్రం రైలుకు తిరువళ్ళూరు వచ్చేసి, పొద్దున మా పోర్షన్లో కూర్చుని మాట్లాడాలని నా లెక్క.

నేను వెళ్ళేసరికి నాయన మగ్గాలకు నూనె పెడుతున్నాడు. కరెంటు లేని రోజు కూడా ఆయన చెయ్యి ఊరుకోదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే చుట్టాలింటికి వచ్చినట్టుంది. దారిపొడుగునా చట్టం భాషలో ఏవేవో మాటలు కూర్చుకుని వచ్చాను. ఆయన ఎదురుగా కూర్చునేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాయనా, ఆ పిల్లతో నేను సుమ్మా, ఊరికే తోడుకి ఉండలా. మొగుడూ పెళ్ళాం ఉంటారే, అట్లా ఉండాము."

నాయన గుడ్డతో చేతికంటిన నూనె తుడుచుకున్నాడు. వంటింట్లో అమ్మ రోకలి ఆగింది. ఆయన ఆ గుడ్డను మడత పెడుతూ అడిగాడు.

"సంబంధాలు వొచ్చినప్పుడంతా వొద్దనింది ఇందుకేనా?"

"ఇందుకే నాయనా."

"ఆ మాట అప్పుడే చెప్పుంటే నేను జాతకాలు సంకన పెట్టుకోని అరక్కోణం, చోళింగర్ అని తిరిగుండను కదా."

నవ్వితే తప్పవుతుంది, ఏడిస్తే అమ్మ బయటికొస్తుంది. అందుకే నేరుగా జడ్జీల సంగతి చెప్పాను. పండగ గురించీ, నన్ను మాట్లాడమనడం గురించీ చెప్పాను. ఆయన చేతిలోని గుడ్డ జారి కింద పడింది.

"జడ్జీల్లో కూడానా?"

"ఉండారు నాయనా."

"తెలిసినాక కూడా ఉద్యోగంలో ఉంటారా?"

"ఉంటారు."

"తీర్పు చెప్తారా? చెల్లతాదా?"

"అందరి తీర్పు మాదిరే చెల్లతాది."

కూతురి కాపురం కన్నా ఆయనను ఇదే ఎక్కువ కుదిపినట్టుంది. జడ్జి అంటే మా నాయనకు మా ఊరి కొండమీది స్వామి తర్వాతి మెట్టు. నేను లా చదువుతానన్నప్పుడు వీధిలో అందరూ ఆడపిల్లకెందుకన్నారు. ఎప్పటికైనా జడ్జి ముందర నిలబడి మాట్లాడుతుంది కదా అని ఆ ఒక్క మాటతో వాళ్ళ నోళ్ళు మూయించినవాడు ఆయన. ఆ తర్వాత నేను అసలు విషయం అడిగాను. ఆ సభలో నా పేరు పక్కన మీ పేరు, మన వీధి చెప్పుకోవచ్చా అని. ఆయన లేచి రెండో మగ్గం దగ్గరికి వెళ్ళి దానికి నూనె పెట్టడం మొదలుపెట్టాడు.

సాయంత్రం రైలు టైమైంది. నేను కదలలేదు.

"పోలేదా?" అన్నాడు.

"మీరు ఏదో ఒకటి చెప్పేదాకా పోను. వొద్దంటే వొద్దనండి. సుమ్మా ఉంటే మాత్రం కుదరదు."

ఆయన మొండితనమే నాకూ వచ్చింది కాబట్టి ఎవరం ముందు తగ్గుతామో ఇద్దరికీ తెలియదు. తిరువళ్ళూరుకు ఫోన్ చేసి, ల్యాప్‌టాప్, నల్లకోటు తీసుకుని రమ్మన్నాను. ఆమె తర్వాతి రైల్లో దిగింది. ఇదివరకు ఎన్నిసార్లు వచ్చినా గలగలా మాట్లాడుతూ వచ్చే మనిషి, ఆరోజు గడప దగ్గర ఆగి చెప్పులు తిన్నగా సర్ది మరీ లోపలికి వచ్చింది. అమ్మ పొద్దుటి నుంచి నాతో మాట్లాడటం లేదు. ఆమెకు మాత్రం అలవాటు ప్రకారం కంచం నిండా పెట్టింది. ఎప్పుడూ అనే "తిను తల్లీ" అన్న మాట ఆ పూట అనలేదు. ఆమె తల వంచుకుని మెతుకు మిగలకుండా తినేసింది. నాకు అమ్మ మీద ఎంత కోపం వచ్చిందో, ఆ కంచం చూసి అంత జాలీ వేసింది.

చేతులు కడుక్కుంటుండగా కరెంటు వచ్చింది. వీధిలో ఒక్కో ఇంటి మగ్గం అందుకుంది. నాయన స్విచ్చి మీద చెయ్యి పెట్టి, అది వెయ్యకముందే చెప్పేశాడు.

"దూరదేశపోళ్ళకి నా పేరు తెలిస్తే నాకేమి? చెప్పుకో. మన వీధికి మాత్రం తెలియకూడదు. వీధికి తెలిసి అసింగమై నా పరువు పోతే మళ్ళా నువ్వు ఈ గడప తొక్కబాకు."

స్విచ్చి పడింది. ఇక వాదన లేదు, వినపడదు. నేను తలూపాను. షరతులతో ఇచ్చిన బెయిలు కూడా బెయిలే అని ఏ లాయరుకైనా తెలుసు. మా వీధిలో పెద్దవాళ్ళకు ఇంగ్లీషు రాదు, నేను మాట్లాడేది ఇంగ్లీషులో. షరతు మీరే అవసరం రాదనే అనుకున్నాను.

శనివారం పని పోయిందన్న కసితో ఆదివారం వీధంతా తెల్లవారక ముందే మగ్గాలు వేసింది. మా ఇంట్లో ఫోను సిగ్నల్ గట్టిగా అందేది హాలు పక్కన నడవలోనే. అక్కడ ఒక దుప్పటి వెనక తెరగా కట్టి, ల్యాప్‌టాప్ పీట మీద పెట్టి, నేను నల్లకోటు వేసుకుని కూర్చున్నాను. వెలుతురు చాలక ఆమె పక్కన నిలబడి ఫోను టార్చి నా మొహం మీదికి పట్టుకుంది. నేను మాట్లాడేంతసేపు మగ్గాలు ఆపమని నాయనను అడగడానికి నోరు రాలేదు. ఆయన ఇచ్చిందే నేను అనుకున్నదానికన్నా ఎక్కువ.

తెర నిండా చిన్న చిన్న గళ్ళు, గడికొక జడ్జి. నాకు జడ్జి అంటే నల్లగౌను, బిగిసిన మొహం. వీళ్ళేమో పూల చొక్కాలతో వంటిళ్ళలో కూర్చున్నారు. ఒకామె గౌను వేసుకుని దాని కాలరుకు ఏడురంగుల రిబ్బన్ కుట్టుకుంది. ఒకాయన కీబోర్డు మీద పిల్లి పడుకుంది, ఆయన దాన్ని లేపడానికి జంకుతున్నాడు. సభ నడిపే పెద్దావిడ చెక్క సుత్తితో కూరగాయలు తరిగే పలక మీద కొట్టి పండగ మొదలైందంది. మా కోర్టుల్లో సుత్తి ఉండదు, సినిమాల్లో చూడడమే. దాని చప్పుడు మాత్రం నాకు వినపడలేదు, నా చెవుల్లో అంతా మగ్గాలే. ఒక ఇయర్‌ఫోను మా ఆమెకిచ్చి, రెండోది నా చెవికి గట్టిగా అదుముకుని ఎంత అందితే అంత విన్నాను.

ఒక ముసలి జడ్జి మాట్లాడాడు. కుర్చీలో ఉన్నన్నాళ్ళూ తనతో కాపురం చేసినాయనను విందుల్లో 'మా ఇంట్లో అద్దెకుండే ఆయన' అని పరిచయం చేసేవాడట. "ఒక్క నెల కూడా అద్దె కట్టలేదు" అని పక్కనే కూర్చున్న ఆ అద్దెమనిషి అందుకున్నాడు. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఒక ఇయర్‌ఫోను తన చెవిలో పెట్టుకుని వింటున్న మా ఆమె నవ్వలేదు. టార్చి వెలుగు కాస్త కదిలింది.

అంతలో నా వంతు వచ్చింది. పెద్దావిడ నన్ను పిలిచింది. నేను మైకు తెరిచి ఒక వాక్యం చెప్పానో లేదో గళ్ళలో అందరూ చెవులు పట్టుకున్నారు. మగ్గాల మోత వాళ్ళ ఇళ్ళలోకి వెళ్ళి పడింది. గొంతు పెంచాను. నా గొంతుకు మైకు అక్కర్లేదన్న మాట ఆరోజు అబద్ధమైంది. పెద్దావిడ ఎంతో మర్యాదగా, కావాలంటే టైపు చేసి పంపండి, మేము చదివి వినిపిస్తాం అంది. టైపు చేయడానికా నేను నాయన పేరు అడిగి తెచ్చుకుంది? కుదరదని తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటి నుంచి అరిచాను.

ఉన్నట్టుండి మోత సగమైంది. ఇంకో క్షణానికి అసలు లేదు.

తల తిప్పి చూశాను. నాయన రెండో స్విచ్చి మీద చెయ్యి పెట్టి, నా వైపు చూడకుండా నిలబడి ఉన్నాడు. తెర వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాను.

ఆయన ఏం చేశాడో ఆయనకు కూడా తెలియదని తర్వాత అర్థమైంది. మా వీధిలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే ఇంటింటికీ కబురు పెట్టరు. పోగు తెగితే ఒక మగ్గం ఆగుతుంది, ఇంకొకటి ఆడుతూనే ఉంటుంది. కరెంటు ఉండి, వీధంతా నేస్తున్న వేళ ఒక ఇంట్లో మగ్గాలన్నీ ఒకేసారి ఆగాయంటే ఆ ఇంట్లో ప్రాణం పోయిందని అర్థం. పక్కవాళ్ళు విని తమవి ఆపుతారు, వాళ్ళను విని ఆ పక్కవాళ్ళు ఆపుతారు. శవం లేచేదాకా వీధిలో ఏ మగ్గంలోనూ నాడె కదలదు. పుట్టినప్పటి నుంచి ఈ పద్ధతిలో బతికిన మనిషి, కూతురి మాట వినపడటం లేదన్న తొందరలో దాన్ని మరిచిపోయాడు.

వీధి మగ్గాలు ఒకటొకటిగా ఆగడం నాకు వినపడుతూనే ఉంది. తెలిసినా మాట ఆపలేకపోయాను. ముందుగా ఎదురింటి అత్త వచ్చింది, జుట్టు విరబోసుకుని, పలకరింపు లేకుండా. చావింటికి వచ్చినవాళ్ళు పలకరించరు. నేరుగా వెళ్ళి అమ్మ మెడ పట్టుకుని బావురుమంది. అమ్మ చేతిలో కాఫీ గ్లాసు ఒలికింది.

"ఏంది వొదినా ఇది? ఎవురూ పోలా" అంది అమ్మ.

"మరి మగ్గాలు?"

ఆమె వెనక తువ్వాలు భుజాన వేసుకుని ఎదురింటి మామ వచ్చాడు. నాయనను చూసి అదిరిపడ్డాడు.

"నువ్వే పోయినావనుకుంటి కదా బావా" అన్నాడు. ఆ గొంతులో ఊరట ఎంతుందో, పని చెడిపోయిందన్న విసుగూ అంతుంది.

గుమ్మంలో, అరుగు మీద, మెట్ల కింద మనుషులు. నాయన మొహంలో నెత్తురు లేదు. తెలియకూడదన్న వీధిని తన చేత్తోనే పిలిచి ఇంట్లో నిలబెట్టుకున్నాడు. చావింటి మర్యాద అలవాటై వాళ్ళెవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అందుకని నా మాట ఒక్కటే వినపడుతూ ఉంది. నేను ఇచ్చిన మాట తప్పలేదు, ఇంగ్లీషు దాటలేదు. అలాగని ఒక్క ముక్క తగ్గించనూ లేదు. నా పేరు చెప్పాను, నాయన పేరు చెప్పాను, తిరుత్తణిలో మా వీధి పేరు చెప్పాను. ఫలానా ఆమెతో కలిసి బతుకుతున్నానని, ఆమె నా తోడు మనిషి కాదు నా మనిషి అని, ఎత్తు కుర్చీ మీద మాలాంటివాళ్ళను చూసే రోజు మా దేశంలో కూడా రావాలని, అందుకు జడ్జి పరీక్ష నేనే రాయబోతున్నానని చెప్పాను. చివరి సంగతి మా ఆమెకు కూడా అప్పటిదాకా చెప్పలేదు. చప్పట్లకు బదులు గళ్ళలో చేతులు గాల్లో ఊగాయి. పిల్లి జడ్జి కళ్ళు తుడుచుకున్నాడు. నేను మైకు మూశాను.

అప్పుడు మామ అడిగాడు.

"పాప నా పేరు చెప్పింది కదా బావా. ఏం కేసు?"

మా వీధిలో మగవాళ్ళు సగం మందికి కొండమీది స్వామి పేరే. నాయనదీ అదే, మామదీ అదే. జవాబు నాయన నోటి దగ్గరే ఉంది. కోర్టు యవ్వారంలే అంటే చాలు, అందరూ నవ్వుకుంటూ వెళ్ళి మగ్గాలు వేసుకుంటారు, నా గడప నాకు ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆ మాట అనేయమని నాలో ఒక సగం ఆయనను బతిమాలింది. ఇంకో సగం అనొద్దని బతిమాలింది.

నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ ఒలికిన కాఫీ తుడవడం ఆపి, ఆయన ఏమంటాడా అని చూస్తూ ఉంది. టార్చి ఆర్పకుండా గోడకు అతుక్కుని నిలబడిన ఆ పిల్లనూ చూశాడు.

"కేసు కాదు" అన్నాడు. "మా పాప, ఆ పాప ఒక కాపురంగా ఉండారు. ఆ సంగతి జడ్జీలకి చెప్పతా ఉంది."

ఆయన మెల్లగానే అన్నాడు. వీధి మొత్తంలో ఒక్క మగ్గం కూడా ఆడటం లేదు కాబట్టి మెట్ల కింద ఉన్నవాళ్ళకు కూడా వినపడింది. అత్త అమ్మ భుజం మీది చెయ్యి తీసేసి జుట్టు ముడేసుకుంది. ఎవరో దగ్గారు. మామ తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

"దాంట్లో నా పేరేల బావా? రేపు మా పిల్లోడికి సంబంధం చూడాల."

"నీ పేరు కాదు. నా పేరు."

ఆ మాట మామతో అని, నాయన నా వైపు తిరిగాడు. ఆయన గొంతు అప్పటికి మగ్గాల మోతలో మాట్లాడే గొంతైంది.

"ఏమ్మా, లాయరువి కదా, ఇంటిపేరు చెప్పకపోతివే? ఈ వీధిలో నా పేరు ఎంతమందికి ఉంది. ఇంటిపేరు చేర్చి మళ్ళా చెప్పు. ఎవురి బిడ్డవో తెలియబళ్ళా?"

తమిళనాడు కాగితాల్లో మా ఇంటిపేర్లు ఎప్పుడో రాలిపోయాయి. తండ్రి పేరులో మొదటి అక్షరం ఒకటి మిగిలింది. ఇంటిపేరు పలికేది పెళ్ళిళ్ళలో, చావుల్లో, మాలో మేమే. నేను మైకు తెరిచాను. అప్పటికే వేరెవరో మాట్లాడుతున్నారు. క్షమించండి, నా వాంగ్మూలంలో ఒక సవరణ ఉందన్నాను. పెద్దావిడ నా వెనక దుప్పటి పక్క నుంచి తొంగిచూస్తున్న జనాన్ని చూసింది. సుత్తితో పలక మీద ఒక్కటి కొట్టి, సవరణకు అనుమతి ఇస్తున్నానంది.

ముందు ఇంటిపేరు చెప్పాను. తర్వాత నాయన పేరు, ఆ తర్వాత నా పేరు. తెలుగులోనే చెప్పాను, గుమ్మంలో ఉన్నవాళ్ళకు వినపడేటట్టు.